తండ్లాటను ఆత్రమంటే ఊకుందామా?

పరీక్షల ఫలితాలొచ్చే ముందురోజు ఏ పేపరు తిప్పినా హెడ్డింగుల ‘ఉత్కంఠ’ కనపడుతది. ఆఖరి ఓవరుకూ ఉత్కంఠే, ఓట్ల లెక్కింపుకూ ఉత్కంఠే, నౌకరీ కోసం ఏండ్ల తరబడి కండ్లు కాయలు కాసేలా ఎదురుసూసే పిల్లగాని పాణానికీ ఉత్కంఠే. నిజానికి మంచి మాటే అది. మెడ పైకెత్తి తొవ్వ సూసుడు దాని పుట్టుక. కావ్యాలల్ల దూరమున్న మనిషి కోసం పడే బెంగ. ఇయ్యాల దాన్ని తమాషా సూసేటోని టెన్షన్‌గ చేసిండ్రు. మెడ నొచ్చేది ఒకనికి, తమాషా ఇంకొకనికి.

‘ఆత్రం’ సంగతీ అంతే. దాని మూలం ఆతురం, ఆతురుడంటే రోగి. నొప్పిల పుట్టిన మాట, పంక్తిల కూసున్న పోరన్ని మందలించే మాటయింది. ‘తపన’ మాత్రం పైకెక్కి కూసున్నది. కాలుడు, మండుడు అనే అర్థం పోయి సన్మాన పత్రాలల్ల చేరింది. లెక్క సాఫ్ కనపడుతున్నది: పెద్దమనిషి పడితే తపన, పేదోడు పడితే ఆత్రం, గిట్టనోడు పడితే యావ. పడే ఆరాటం ఒక్కటే!

మన హైదరాబాద్ ఉర్దూల ‘షౌక్’ అంటే మనసుపడి చేసే ఇష్టం. పుస్తకాల షౌక్ ఉందంటే ఎవలూ నవ్వరు. అదే తెలుగుల కొచ్చి ‘షోకు’ అయితే ఎక్కిరింపే.

ఇగ ‘ఆకాంక్ష’. 2009 డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీల ప్రకటన చేసిండ్రు, 23కే మాట మెత్తబడ్డది, 2010ల శ్రీకృష్ణ కమిటీ వేసిండ్రు. ఆ రోజులల్ల ప్రజల ఆకాంక్షను గౌరవిస్తమని అనని పార్టీ ఏది? ఆకాంక్షను గౌరవించి బీరువల పెట్టి తాళమేయొచ్చు. తండ్లాటను పెట్టరాదు. బిడ్డకు జరమొస్తే తల్లి తండ్లాడుతది, మడి ఎండుతుంటే రైతు తండ్లాడుతడు. అండ్ల కోరికున్నది, పెనుగులాటున్నది, ఊకె కూసోలేనితనమున్నది. ఆగుమంటే ఆగేది కాదు. మేం చదివిన బడి పుస్తకాలల్ల మాత్రం ఈ మాట నాకు ఒక్కసారీ ఎదురుకాలేదు.

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. ఆ ఒక్కరోజు యాసల మాట్లాడి శాలువ కప్పుకుంటం, తెల్లారి ప్రెస్‌నోట్‌ల మళ్ళ ఆకాంక్షే రాస్తం.

గ్రూప్-1 సంగతి యాది చేసుకోండ్రి. 2022 అక్టోబర్ల పెట్టిన ప్రిలిమ్స్ పేపర్ లీకుతోని 2023 మార్చిల రద్దయింది. జూన్ల మళ్ళ పెడితే హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024ల మళ్ళ కొత్త నోటిఫికేషన్. అశోక్‌నగర్ రూములల్ల కిరాయి కట్టుకుంట, ఇంటికి ఫోన్ చేయాలంటే మొకం చెల్లక, చదివిందే చదివిన పిల్లలను పట్టుకొని ‘సర్కారు నౌకరీ యావ’ అన్నోళ్ళున్నరు. అన్నోళ్ళల్ల సర్కారు జీతం తీసుకునేటోళ్ళూ ఉన్నరు, అదీ బాధ. ఉద్యోగ మిత్రులారా, ప్రమోషన్ లిస్టు కోసం మీరు సెక్షన్ చుట్టూ తిరిగితే అది న్యాయమైన ఆకాంక్ష, నోటిఫికేషన్ కోసం వాడు రోడ్డెక్కితే ఆత్రమా?

విద్యార్థి తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఒక్క మాట. ఈసారి వినతిపత్రంల, ప్రెస్‌నోట్‌ల ‘మా తండ్లాట’ అనే రాయుండ్రి. సబ్ ఎడిటర్ దాన్ని కొట్టేసి ‘ఉత్కంఠ’ అని పెడితే ఫోన్ చేసి అడుగుండ్రి, మ్యాచ్ ఎవలెవలికి సార్ అని.