క్రిస్మస్ వంట 22నే మొదలెట్టండి

ఇంగ్లండులో ఉండే మనవాళ్ళు కొందరు క్రిస్మస్‌కి ఇంట్లోనే రోస్ట్ డిన్నర్ చేసి నలుగుర్నీ పిలుస్తున్నారు. మంచిదే. ఆ రోజు రైళ్ళుండవు, లండన్లో ట్యూబు కూడా తిరగదు. ఇంగ్లండు, వేల్స్‌లో పెద్ద షాపులు ఆ రోజు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. కొత్తగా ఆన్‌సైట్ వచ్చిన కుర్రాడికి రూములో మ్యాగీ తప్ప గతి లేదు. కాబట్టి తప్పకుండా పిలవండి. నా గొడవల్లా మనం భోజనం పెట్టే పద్ధతి గురించే.

మన దగ్గర మర్యాద అంటే వేడివేడిగా వడ్డించడం. పెనం మీంచి దోసె నేరుగా పళ్ళెంలోకి రావాలి. బాగానే ఉంది, మరి ఆ దోసెలు పోసే మనిషి తినేదెప్పుడు? పండగపూట మా అమ్మ మాతోపాటు కూర్చుని తినడం నేను చూసింది బహు తక్కువ. ఆ అలవాటుని భద్రంగా సూట్‌కేసులో పెట్టి ఇక్కడికీ తెచ్చుకున్నాం. హాల్లో మగాళ్ళ వీసా కబుర్లు, వంటింట్లో చెమటలు కక్కుతూ ఇద్దరు ఆడవాళ్ళు. రోస్ట్ డిన్నర్ ఈ పద్ధతికి లొంగదు. అన్నీ ఒకేసారి బల్ల మీదకి రావాలి, వండినవాళ్ళతో సహా అందరూ ఒకేసారి కూర్చోవాలి. నాకు అది నచ్చింది అందుకే. (టర్కీ రుచి కోసం అనుకునేరు, అబ్బే!)

అలా కూర్చోవాలంటే పని ముందే అయిపోవాలి. 2024లో మొదటిసారి ఆరుగుర్ని పిలిచినప్పుడు నేను చేసింది రిలీజ్ ప్లాన్ లాంటిదే. అద్దె ఇంట్లో ఓవెన్ ఒక్కటే, అంటే సింగిల్ థ్రెడ్. టర్కీ, బంగాళదుంపలు, స్టఫింగ్, పార్స్‌నిప్స్ అన్నీ దాని ముందే క్యూ కడతాయి. రెండింటికి భోజనం అనుకుంటే అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. ఇది నా తెలివేం కాదు. డెలియా స్మిత్ 1990లోనే తన క్రిస్మస్ పుస్తకంలో చివరి 36 గంటలకీ టైంటేబుల్ వేసిచ్చింది.

గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి కిలోకి 10 నుంచి 12 గంటలు పడుతుంది. 5 కిలోలదైతే రెండున్నర రోజులు. అంటే 22 రాత్రే ఫ్రీజర్లోంచి తీసి, ఫ్రిజ్‌లో అడుగు అరలో ట్రేలో పెట్టాలి. ఇక్కడ టీమ్ సైజు పెంచితే పని తొందరగా అవ్వదు! ఇంకోటి, దాన్ని ఉప్పూ పసుపూ వేసి కడగొద్దు. మనకి మనసొప్పదు, నాకు తెలుసు. కానీ ఆ నీళ్ళ తుంపర్లతో క్యాంపిలోబాక్టర్ సింకు చుట్టూ, పక్కనున్న సలాడ్ మీదా పడుతుంది. దాన్ని చంపేది వేడి మాత్రమే. మాంసం బాగా మందంగా ఉన్నచోట థర్మామీటర్ గుచ్చితే 70 డిగ్రీలు రెండు నిమిషాలపాటు ఉండాలి.

క్రాన్‌బెర్రీ సాస్, ఎర్ర క్యాబేజీ 24నే చేసేయొచ్చు. గ్రేవీ ఇంకా ముందే. చికెన్ వింగ్స్, ఉల్లిపాయ, క్యారట్ ఎర్రగా వేయించి, కాస్త పిండి చల్లి, నీళ్ళు పోసి మరిగించి, వడగట్టి ఫ్రీజర్లో పడేస్తే 25న వేడిచేసి టర్కీ ట్రేలో మిగిలిన రసం కలుపుకోవడమే. బంగాళదుంపలు చెక్కు తీసి పది నిమిషాలు ఉడికించి, నీళ్ళు వంచి, అంచులు గరుకయ్యేలా గిన్నెని కుదిపి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టొచ్చు.

అసలు కిటుకు టర్కీని భోజనానికి గంట ముందే బయటికి తీసేయడం. చల్లారిపోతుందని భయపడతారు గానీ ఫాయిల్ కప్పితే అంత పెద్ద పక్షి గంటసేపు వేడిగానే ఉంటుంది, కోయడానికీ వీలుగా వస్తుంది. ఆ గంట ఓవెన్ ఖాళీ. దుంపలు అప్పుడే.

ఇదంతా ఫోన్లో చెప్తే అమ్మ "ఇంటికొచ్చినవాళ్ళకి చద్ది పెడతావుట్రా?" అంది. పులిహోర పులుసు ముందురోజు కాచి పెట్టుకుంటే చద్ది కాదు, గారెల పప్పు రాత్రే నానబోస్తే చద్ది కాదు, గ్రేవీ మాత్రం చద్దా? అమ్మ ఒప్పుకోలేదు, అది వేరే విషయం.

అలాగని అన్నీ ముందే చేసెయ్యమనడం లేదు. రోస్ట్ చేసిన దుంపలు దాచితే తోలులా సాగుతాయి. బ్రసెల్స్ స్ప్రౌట్స్ ముందే ఉడికించి పెడితే ఇల్లంతా వాసన. వాటిని ఆఖరి పది నిమిషాలకి అట్టిపెట్టి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో వేయించాను. స్ప్రౌట్స్ అంటే మొహం తిప్పుకునే మా ఇంగ్లీషు కొలీగ్ రెండోసారి వడ్డించుకున్నాడు. ఎదురుగా కూర్చుని తింటున్నాను కాబట్టి చూశాను.