కిటికీ ఉన్న గదులెన్ని?



1861 ఏప్రిల్ 7 రాత్రి స్కాట్లాండ్‌లో ఏ ఇంట ఎవరు తలదాచుకున్నారో ఆనాటి జనాభా లెక్కలు చెబుతాయి. యజమాని, భార్య, పిల్లలు, ఇంట్లోనే ఉండే పాలేరు: ఒక్కొక్కరికి ఒక్కో వరుస. వయసు, వృత్తి, పుట్టిన పారిష్ (స్థానిక చర్చి పరిధి), బడికి వెళ్లే పిల్లల సంఖ్య అందులోనే ఉంటాయి. ఆ ఏడాది అక్కడ కొత్తగా అడిగిన ప్రశ్న, కిటికీ ఉన్న గదులెన్ని అని. ఎన్నో పల్లె కుటుంబాల జవాబు ఒకటి, లేదా రెండు. ఒక్క అంకెలో ఒక బతుకంతా కనిపిస్తుంది.

పాలు పితికి, పంట కోసిన ఇల్లాలి శ్రమ మాత్రం వృత్తి గడిలో తరచూ కనిపించదు. లెక్కలో శ్రమ కనిపించని ఆ మనుషుల కోసమే ఈ సంచిక. మీ ఇంటి పెద్దల కథలూ ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

– సంపాదకుడు