రైడా? వేషమా? మధ్యలో మన ఉద్యోగం

పోయిన దసరా సెలవుల్లో మా బ్యాచ్ ఆరుగురం హైదరాబాద్ వెళ్లాం. ఒక రోజు వండర్‌లా, ఒక రోజు రామోజీ ఫిల్మ్ సిటీ. తిరుగు ప్రయాణం గౌతమిలో. సికింద్రాబాద్ దాటిందో లేదో వాదన మొదలైంది. పార్కు వాళ్ల చేతిలో డబ్బుంటే కొత్త రైడ్ కట్టాలా? లేక వేషాలు వేసుకుని జనంలో తిరుగుతూ పలకరించే మనుషుల్ని పెట్టుకోవాలా? ముగ్గురు రైడ్ వైపు, ఇద్దరు వేషం వైపు, ఒకడు నిద్ర వైపు. ఏలూరులో దిగేటప్పటికి కూడా తేలలేదు.

టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చినవాళ్లకి మనకెందుకీ గొడవ అనిపించొచ్చు. కానీ ప్రపంచవ్యాప్తంగా థీమ్ పార్కుల అభిమానులు ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నది దీని మీదే. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఇది ఇంకా దగ్గరి విషయం. ఎందుకంటే దీని అడుగున ఉన్న అసలు ప్రశ్న ఒకటే. యంత్రాన్ని నిలబెట్టే పని గొప్పదా, మనిషిని నిలబెట్టే పని గొప్పదా? మన ఇళ్లల్లో దీనికి జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది. అది సగమే నిజమని నా అభిప్రాయం.

ముందు రైడ్ పక్షం

నేను మెకానికల్ చదివాను కాబట్టి మొదట అటే మొగ్గుతాను. హైదరాబాద్ వండర్‌లా 2016లో తెరుచుకుంది. అక్కడి 'రీకాయిల్' కోస్టర్ మనల్ని ముందుకు తిప్పేసి, అదే దారిలో వెనక్కి లాక్కొస్తుంది. దిగాక కాళ్లు వణుకుతుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనుక చాలా లెక్కలున్నాయి.

ఒకే ట్రాక్ మీద రెండు మూడు బళ్లు తిరిగే పెద్ద కోస్టర్‌నే తీసుకోండి. ట్రాక్‌ని బ్లాకులుగా విడగొడతారు. ముందు బ్లాకు ఖాళీ అయ్యేదాకా వెనక బండిని బ్రేకులు వదలవు. మన రైల్వే సిగ్నళ్ల సూత్రమే ఇది. సెన్సర్లు చూస్తాయి, పీఎల్‌సీ నిర్ణయిస్తుంది, అనుమానం వస్తే అంతా ఆగిపోతుంది. ప్రతి ఉదయం గేటు తెరవకముందే రైడ్‌ని ఖాళీగా తిప్పి చూస్తారు. వెల్డింగ్ అతుకుల్లో కంటికి కనపడని పగుళ్లుంటే అల్ట్రాసోనిక్ లాంటి పరీక్షలతో పట్టుకుంటారు. మన దేశంలో దీనికి ఐఎస్ 15475 ప్రమాణం ఉంది, యూరప్‌లో ఈఎన్ 13814 ఉంది. ఇంజినీరింగ్ విద్యార్థుల్లో వీటి పేర్లు విన్నవాళ్లు ఎంతమంది? నేనైతే డిగ్రీ చేతికొచ్చేదాకా వినలేదు.

జనాన్ని ఆడించడంలో కూడా రైడ్‌దే పైచేయి. ఒక కాగితం లెక్క వేద్దాం. ఇది ఏ పార్కుదీ కాదు, నాదే. బండికి 24 మంది, మూడు నిమిషాలకో ట్రిప్పు అనుకుంటే గంటకి 480 మంది. అదే ఒక వేషధారి కుటుంబానికి ఒక నిమిషం చొప్పున ఇస్తే, కుటుంబానికి నలుగురు అనుకున్నా గంటకి 240 మందే. అరగంట నిలబడ్డ మనిషికి అరగంట విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి అది 120కి దిగుతుంది. రైడ్ నాలుగు రెట్లు నయం. మా వాళ్లు రైల్లో ఇక్కడే చప్పట్లు కొట్టి, వాదన గెలిచేశాం అన్నారు.

ఇప్పుడు పిట్టల దొర

అయితే ఒక మాట. మా చిన్నప్పుడు ఏలూరులో మా వీధికి పగటి వేషగాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లలో పిట్టల దొరంటే మాకు పిచ్చి. పాత కోటు, టోపీ, చేతిలో కర్ర తుపాకీ. రావడం రావడమే కోతలు కోసేవాడు. మా తాతయ్యని 'ఏవండీ జమీందారు గారూ' అని పిలిచేవాడు. తాతయ్యకున్నది ముప్పావు ఎకరం. నా వైపు తుపాకీ గురిపెట్టి 'ఈ పిట్టకి లెక్కలు రావటగా' అనేవాడు. నిజంగానే రావు. వాడికెలా తెలిసిందా అని రెండు రోజులు ఆలోచించాను. తర్వాత తెలిసింది, వీధి చివర కిళ్లీ కొట్టు దగ్గర అందరి సంగతులూ కనుక్కుని మరీ వచ్చేవాడట.

జాతరలో నేనెక్కిన జెయింట్ వీల్ రంగేంటో నాకు గుర్తు లేదు. పిట్టల దొర అన్న మాట మాత్రం ఇరవై ఏళ్లయినా గుర్తుంది. అభిమానులు వేషాల కోసం ఎందుకు పట్టుబడతారో ఇక్కడుంది. రైడ్ అందరికీ ఒకేలా తిరుగుతుంది. వేషధారి నీ ఒక్కడి కోసం ఒక మాట అంటాడు.

డిస్నీకి ఈ సంగతి మొదటి రోజే తెలుసు. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు సొంత కాస్ట్యూములు సరిగ్గా లేక, మంచు మీద స్కేటింగ్ ప్రదర్శనలిచ్చే ఐస్ కపేడ్స్ బృందం దగ్గర అరువు తెచ్చి మరీ మిక్కీని జనంలోకి పంపారు. మన రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి చూడండి. 1996 నుంచి నడుస్తున్న ఆ చోటికి జనం వెళ్లేది రైడ్ల కోసం కాదు. సెట్లు, స్టంట్ షో, డాన్సులు, 'బాహుబలి' సెట్ దగ్గర ఫొటో. అంటే కథ కోసం, కథలోని మనుషుల కోసం.

నా లెక్కలో ఇంకో లొసుగు కూడా ఉంది. గంటకి 480 అనేది బండి నిండితేనే. ముసురు పట్టిన జులై మంగళవారం పార్కులో జనమే లేకపోతే ఆ కోట్ల రూపాయల ఇనుము ఊరికే నిలబడుతుంది. ఉరుములు మెరుపులొస్తే ఎత్తయిన రైడ్లు ఎలాగూ ఆపేస్తారు. పది మందే వచ్చినా పది మందినీ నవ్వించగలిగేది మనిషే.

అందుకే నా తీర్పు ఇది. రైడ్ లేకపోతే జనం గేటు దాకా రారు, నిజమే. కాబట్టి మొదటి రూపాయి రైడ్‌కే పెట్టాలి. కానీ ఉన్న రైడ్లు బాగానే తిరుగుతుంటే, తర్వాతి రూపాయి ఇంకో రైడ్‌కి కాదు, మనుషులకి పెట్టాలి. మళ్లీ రావాలా వద్దా అన్నది లోపల ఎవరు ఎలా పలకరించారన్న దాని మీదే తేలుతుంది.

మరి ఎందుకు పెట్టరు?

ఎందుకంటే రైడ్ ఆస్తి, మనిషి ఖర్చు. పద్దుల పుస్తకంలో రైడ్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తరుగుతుంది. మనిషి జీతం ప్రతి నెలా పూర్తిగా కనిపిస్తుంది. చేతులు బిగించాల్సి వచ్చినప్పుడు ముందు కత్తెర పడేది కనపడే దాని మీదే.

ఆ పని చేసేవాళ్ల కష్టం కూడా మనకి కనపడదు. మే నెలలో మన ఏలూరు ఎండలో బొచ్చు కాస్ట్యూము వేసుకుని, బొమ్మ తలకాయ పెట్టుకుని, పిల్లలు తోక లాగుతుంటే చేతులూపుతూ నిలబడటం ఊహించుకోండి. డిస్నీలాండ్‌లోనే పాత్రధారులు, పరేడ్ కళాకారులు దాదాపు 1,700 మంది 2024 మే నెలలో ఓటు వేసి యూనియన్ పెట్టుకున్నారు. నవ్వు ముఖం వెనుక కూడా అద్దె కట్టాల్సిన మనిషే ఉంటాడు. కాబట్టి 'వేషాలు పెంచండి' అని అడిగే అభిమాని 'జీతాలు కూడా పెంచండి' అని కలిపి అడగాలి. లేకపోతే ఆ వాదనలో నిజాయతీ లేదు.

రెండూ కలిసే చోటు

టెక్ రాతలు రాసేవాణ్ని కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేను. 2025 మార్చిలో ఎన్విడియా సదస్సు వేదిక మీదకి జెన్సెన్ హువాంగ్ పక్కన ఒక బుల్లి రోబో నడుచుకుంటూ వచ్చింది. స్టార్ వార్స్ కథల్లోంచి వచ్చిన బీడీఎక్స్ డ్రాయిడ్ అది. తల వంచి చూస్తుంది, అలుగుతుంది, చిందులేస్తుంది. దానికి నడక నేర్పింది రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్. అంటే సిమ్యులేషన్‌లో మళ్లీ మళ్లీ పడిపోతూ లేస్తూ నేర్చుకోవడం. అదే సదస్సులో ఎన్విడియా, గూగుల్ డీప్‌మైండ్, డిస్నీ రీసెర్చ్ కలిసి ఇలాంటి రోబోల కోసం 'న్యూటన్' అనే ఫిజిక్స్ ఇంజిన్ ప్రకటించాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ డ్రాయిడ్ ఎలా అలగాలో ముందు నిర్ణయించింది యానిమేటర్. పడిపోకుండా ఎలా అలగాలో చూసుకుంది ఇంజినీరు. పార్కులో పిల్లల మధ్య దాన్ని నడిపిస్తూ, ఏ పిల్లాడి దగ్గర ఆగాలో, ఎవరిని చూసి తల వంచాలో ఎంచేది చేతిలో కంట్రోలర్ పట్టుకున్న మనిషి. పిట్టల దొర పనీ, మెకట్రానిక్స్ పనీ ఒకే బొమ్మలో కలిశాయి.

మన కొల్లేరులో

ఇదంతా హైదరాబాద్, అమెరికా గొడవ అనుకోకండి. మన గడపలోనే ఈ ప్రశ్న ఉంది. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అక్కడ జెయింట్ వీల్ పెట్టడం కుదరదు, పెట్టకూడదు కూడా. మరి వచ్చినవాళ్లకి ఏం చూపించాలి?

చలికాలంలో మా అక్క కూతుర్ని ఆటపాక తీసుకెళ్లాను. పడవెక్కాం. చెరువులో ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. పిల్లకి ఐదు నిమిషాల్లో విసుగొచ్చింది. అప్పుడు పడవతను తెడ్డు ఆపి, 'అమ్మడూ, అదుగో చూడు, పిల్ల తలకాయంతా తల్లి గొంతులో పెట్టేసింది. మింగేస్తుందనుకున్నావా? లేదు, అన్నం తింటంది' అన్నాడు. పిల్ల నోరెళ్లబెట్టింది. ఇంటికొచ్చాక నాలుగు రోజులు అన్నం పెడుతుంటే మా అక్క నోట్లోకి తొంగి చూసేది. ఆ పూట మేం మర్చిపోకుండా చేసింది పడవ కాదు, పడవతని ఆ ఒక్క మాట.

ఆంధ్రప్రదేశ్ 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. పరిశ్రమ అనగానే మనకి కట్టడాలే గుర్తొస్తాయి. కానీ కొల్లేరుకి కావలసింది కాంక్రీటు కాదు. పక్షి పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో చెప్పగలిగి, పెద్దింట్లమ్మ కథ చెప్పగలిగి, ఉప్పుటేరు నీళ్లు ఎటు పోతాయో వివరించగలిగే మనుషులు. మన డిగ్రీ పిల్లలకి ఆ పని చేతకాదా?

నేను వదులుకున్నది

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఒక పార్కులో గెస్ట్ ఆపరేషన్స్ ఉద్యోగం వచ్చింది. నాన్న ఒకే మాట అన్నారు. 'ఏరా, టికెట్లు చింపడానికా నాలుగేళ్లు ఫీజులు కట్టింది?' నేను ఎదురు చెప్పలేదు. ఎందుకంటే నాకూ లోపల అదే సిగ్గు. హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నాను.

నా రూమ్మేట్, గూడెం కుర్రాడు, ఇంకో పార్కులో రైడ్ ఆపరేటర్‌గా చేరాడు. మొదటి ఆర్నెల్లు చేసింది సీటు బెల్టులు లాగి చూడటం, భయపడే పిల్లలకి ధైర్యం చెప్పడం. ఇప్పుడు మెయింటెనెన్స్ షిఫ్ట్ చూస్తున్నాడు. జీతం నాకంటే తక్కువే, అబద్ధం చెప్పను. పండగలకి ఇంటికి రాలేడు, పండగే వాడి పని రోజు. అయితే మొన్న రైల్లో మా వాదనంతా ఫోన్‌లో విని వాడన్న మాట నా నోరు మూయించింది. 'ఒరేయ్, బార్ లాక్ అయిందో లేదో సెన్సర్ చెబుతుంది. ఎక్కినవాడు ఏడుపు ఆపుకుంటున్నాడో లేదో సెన్సర్ చెప్పదు. రెండూ చూస్తేనే బటన్ నొక్కాలి.'

మీరు ఏం చేయొచ్చు?

రైడ్ల వైపు వెళ్లాలనుంటే పీఎల్‌సీ, హైడ్రాలిక్స్, ఎన్‌డీటీ నేర్చుకోండి. పైన చెప్పిన ప్రమాణాల్లో ఏముందో చదివి ఇంటర్వ్యూకి వెళ్లండి. మనుషుల వైపు వెళ్లాలనుంటే మూడు భాషల్లో భయం లేకుండా మాట్లాడటం, మీ ఊరి కథలు తెలుసుకోవడం మొదలుపెట్టండి. ఆఫర్ వచ్చినప్పుడు పని గంటలు, విశ్రాంతి వేళలు, పీఎఫ్, ఈఎస్ఐ కాగితం మీద అడగండి. అడగడం తప్పు కాదు.

ఎటు వెళ్లినా ఒక పని చేయండి. వండర్‌లా 2014 నుంచి స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ. దాని వార్షిక నివేదిక ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. అందులో ఉద్యోగుల ఖర్చు, తరుగుదల అని రెండు వరుసలుంటాయి. ఒకటి మనిషి, ఒకటి యంత్రం. మా వాదన మొత్తం ఆ రెండు వరుసల మధ్యే ఉంది. ఏ కంపెనీలో చేరేముందైనా ఆ రెండూ ఏడాదికేడాది ఎలా మారుతున్నాయో చూడండి. వాళ్లు దేన్ని నమ్ముతున్నారో ప్రకటనల కంటే అవే బాగా చెబుతాయి.

పిట్టల దొర ఇప్పుడు మా వీధికి రావట్లేదు. ఎప్పుడు ఆగిపోయాడో కూడా ఎవరూ గమనించలేదు. జాతరలో జెయింట్ వీల్ ఆగితే మాత్రం ఊరంతా అడుగుతుంది. మనుషుల పనికి విలువ కట్టడంలో మనం ఎక్కడున్నామో చెప్పడానికి అదొక్కటి చాలదా?