మన రక్తం లెక్క రాసుకున్నారు సరే, మందెక్కడ?

తమ్ముడూ, చెల్లీ, నీకు ఆభా నంబరు ఉందా? 14 అంకెలది. ఉండే ఉంటుంది. ఎవరు తీశారో, ఏం చెప్పి తీశారో గుర్తుందా? క్యాంపు అన్నారు, ఆధార్ అడిగారు, ఓటీపీ చెప్పమన్నారు. చెప్పేశాం. మన గూడేల్లో చాలామంది కథ ఇంతే.

2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలైంది. నీ పరీక్షలు, మందుచీటీలు, డిశ్చార్జి కాగితాలు ఆ నంబరుకి ముడేసి, నువ్వు ఒప్పుకుంటే ఏ ఆసుపత్రిలోనైనా డాక్టరు చూడగలిగేలా చేస్తామన్నారు. ఇష్టమైతేనే, బలవంతం లేదు అని రాతలో ఉంది.

ముందే చెప్పేస్తున్నా, నేను దీనికి వ్యతిరేకం కాదు. అసలు పట్నం వాళ్లకంటే ఇది మనకే ఎక్కువ అవసరం. సికిల్ సెల్ ఉన్న పిల్లాణ్ని తీసుకో. కొండ మీద నుంచి డోలీలో రోడ్డు దాకా, అక్కణ్నుంచి పీహెచ్‌సీకి, పాడేరుకి, అక్కడా కాదంటే విశాఖ కేజీహెచ్‌కి. ఒళ్లంతా నొప్పులతో మెలికలు తిరిగిపోతున్న వాణ్ని పక్కన పెట్టుకుని కొత్త డాక్టరు మొదట్నుంచి అడుగుతాడు. జబ్బు ఎప్పుడు తేలింది? రక్తం ఎన్నిసార్లు ఎక్కించారు? హైడ్రాక్సీయూరియా ఎంత డోసు? ఆ మందు వాడేవాళ్లకి మధ్యమధ్యలో రక్తకణాల లెక్క చూసి డోసు సరిచేయాలి. పాత లెక్కలు లేకపోతే ఎలా సరిచేస్తాడు? ఆ తల్లికి తెలుగు అంతంత మాత్రం, కువిలో చెబితే వినేవాళ్లు అక్కడ లేరు. కాగితాలేమో వానకి తడిసిపోయాయి. అప్పుడు ఆ రికార్డు తెరుచుకుంటే అదే ఆ పిల్లాడి నోరు.

మరి తెరుచుకుంటోందా? గొడవంతా అక్కడే. 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. పరీక్షలు ఎన్ని అయ్యాయో పోర్టల్‌లోకి ఎక్కుతుంది. ఏఎన్ఎం అక్క పగలంతా కొండలెక్కి, సిగ్నల్ దొరికే బండ వెతుక్కుని కూర్చుని అప్‌లోడ్ చేస్తుంది (ఆమెని తిట్టకు, ఆమెదీ మన బాధే). కానీ పేరెక్కిన పిల్లాడికి నెలనెలా మాత్రలు అందాయా, నొప్పి వచ్చిన రోజు ఆ వివరం ఏ డాక్టరైనా తెరిచి చూశాడా? ఇది మనకి ఏ లెక్కలో చూపిస్తున్నారు? కింద నుంచి పైకి సమాచారం పోతోంది. పై నుంచి కిందికి ఏమొస్తోంది?

ఇంకోటి. సికిల్ ట్రెయిట్ అంటే జబ్బు ఉన్నట్టు కాదు. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్క జన్యువే వచ్చిందని. అలాంటి ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం. ఇది విడమరిచి చెప్పకుండా నలుగురిలో 'పాజిటివ్' అని పేరు పిలిస్తే, ఆ ఆడపిల్ల సంబంధం ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?

'అంతా మీ సమ్మతితోనే' అనే మాట కూడా మనకి కొత్తేం కాదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపారు. ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లల్ని కూడా కలిపేశారు. తర్వాత విచారణలో చూస్తే, 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది! టీకా మంచిదా కాదా అన్నది వేరే మాట. అమ్మానాన్న పెట్టాల్సిన సంతకం వార్డెన్ పెట్టాడు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఈ వ్యవహారాన్ని తప్పుపట్టింది. అప్పుడు వార్డెన్ సంతకం, ఇప్పుడు అర్థం కాని ఓటీపీ.

2023 డేటా రక్షణ చట్టమైనా చూడు. సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లీషులోగానీ, ఎనిమిదో షెడ్యూల్ భాషల్లోగానీ చదువుకునే వీలివ్వాలంది. ఆ 22 భాషల్లో సంతాలీ, బోడో ఉన్నాయి. గోండీ లేదు, కోయ లేదు, కువి లేదు, కొలామీ లేదు. మనకి చదివి వినిపించాల్సిన బాధ్యత ఎవరిది మరి?

వచ్చే గ్రామసభలో నువ్వే లేచి అడుగు. ఏం రాసుకుంటున్నారో, ఎవరు చూస్తారో మన భాషలో చెప్పాకే వేలు పెడతామను. రికార్డు కాపీ కాగితం మీద ఇవ్వమను. సికిల్ మాత్రలు ఎన్ని ఉన్నాయో పీహెచ్‌సీ గోడ మీద ప్రతి నెలా రాయమను. ఆభా లేదని ఎవరైనా ఓపీ చీటీ ఇవ్వకపోతే, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమను.