ఐదో నెల పడిందా, నిండిందా?

కడుపుతో ఉన్నామని తెలిస్తే చాలు, అంబర్‌పేటలో మా గల్లీ అంతా అడిగేది ఒకటే: "ఎన్నో నెల?" హాస్పిటల్లో మాత్రం నెలల ఊసే ఉండదు. అక్కడ వారాలు, ఆపైన రోజులు. ఇవాళ్టికి నా ఫైలు లెక్కలో 23 వారాల 4 రోజులు. మా అమ్మ లెక్కలో ఆరో నెల. రెండూ కరెక్టే. కానీ ఈ రెండు లెక్కల మధ్య సందులో ఒక ముఖ్యమైన తేదీ జారిపోయే ప్రమాదం ఉంది. ఈ వారం దాని గురించే.

డాక్టర్లు ఆఖరి పీరియడ్ మొదలైన రోజు నుంచి లెక్కపెడతారు. మొత్తం 40 వారాలు, అంటే 280 రోజులు. అందులో 14వ వారం నుంచి 27వ వారం చివరిదాకా రెండో ట్రైమెస్టర్. ఇంటి భాషలో నాలుగు, ఐదు, ఆరు నెలలు. పెద్దవాళ్లు "ఐదో నెల పడింది" అంటే ఐదో నెల మొదలైందని. "ఐదు నిండాయి" అంటే అది పూర్తయిందని. వారాల్లో చూస్తే పడటం 17-18 దగ్గర, నిండటం 22 దగ్గర.

టిఫా స్కాన్ చేయించుకోవాల్సింది సరిగ్గా ఈ మధ్యలోనే. బిడ్డ మెదడు, వెన్నెముక, గుండె గదులు, కిడ్నీలు, పెదవి, కాళ్లు, చేతులు ఒక్కొక్కటిగా చూసే స్కాన్ ఇది. 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. మరీ ముందుగా వెళ్తే అవయవాలు స్పష్టంగా కనిపించవు. ఆలస్యమైతే వచ్చే ఇబ్బంది వేరు. స్కాన్‌లో ఏదైనా అనుమానం వచ్చిందనుకోండి, మళ్లీ స్కాన్, గుండెకి ఫీటల్ ఎకో, కొందరికి ఉమ్మనీటి పరీక్ష, ఇంకో డాక్టర్ అభిప్రాయం... వీటన్నిటికీ రోజులు పడతాయి. తీవ్రమైన లోపమని తేలితే ఆ దంపతులు ఒక నిర్ణయానికి రావాలి. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం అలాంటి కేసులో 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. 24 దాటితే విషయం మెడికల్ బోర్డు దాకా వెళ్లాలి. అంటే 22వ వారంలో తెలిసినవాళ్ల చేతిలో ఉండేది రెండు వారాలే.

ప్రతి లోపమూ అంత దూరం వెళ్లదు. గుండెలో సమస్య ముందే తెలిస్తే, పిల్లల గుండె డాక్టర్లున్న చోటే కాన్పు ప్లాన్ చేసుకోవచ్చు. దానికైనా టైం ఉండాలి కదా.

చిక్కేంటంటే, ఇవి హాయిగా ఉండే నెలలు. వేవిళ్లు తగ్గుతాయి, ఆకలి వస్తుంది, పొట్ట ఇంకా బరువనిపించదు. బాగానే ఉన్నప్పుడు హాస్పిటల్ ఎవరికి గుర్తొస్తుంది? ఇంట్లో మూఢం వెళ్లనీ అంటారు. ఆఫీసులో రిలీజ్ అయ్యాక చూద్దాం అనిపిస్తుంది. మా అమ్మ కూడా "అమావాస్య దాటాక వెళ్దాంలే" అంది. నేను వాదన పెట్టుకోలేదు. "నీ లెక్కలో నాకు ఐదో నెల పడిందా అమ్మా?" అని అడిగా. "పడింది" అంది. "అది నిండేలోపే ఈ స్కాన్ అయిపోవాలట" అన్నా. చలిమిడి పెట్టే రోజు చూద్దామని క్యాలెండర్ తీసిన మనిషి, ముందు స్కాన్ తేదీకి సున్నా చుట్టింది.

ప్రైవేటులో ఖర్చు ఎక్కువనిపిస్తే ఆగిపోవద్దు. 2022లో మన రాష్ట్రంలో 44 ప్రభుత్వాసుపత్రులకు 56 టిఫా మెషీన్లు ఇచ్చారు. వాటిని ప్రారంభించింది పేట్లబుర్జు మెటర్నిటీ హాస్పిటల్లోనే. మనకి అదేం దూరం కాదు. రద్దీ ఉంటుంది కాబట్టి నాలుగో నెలలోనే అడిగి తేదీ రాయించుకోండి. ఇంకోటి, "బాబా, పాపా?" అని మాత్రం అడగొద్దు. 1994 చట్టం ప్రకారం అడగడమూ, చెప్పడమూ నేరమే.

టిఫా అయ్యాక ఇంకో తేదీ ఉంది, షుగర్ టెస్ట్. 24 నుంచి 28 వారాల మధ్య, అంటే ఆరో నెల సగం దాటాక. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగిస్తారు, రెండు గంటలకి రక్తం తీస్తారు. 140 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే గర్భంలో వచ్చే షుగర్ అంటారు. మామూలుగా దీనికి లక్షణాలేవీ కనపడవు. అందుకే "నాకేం లేదుగా" అని వదిలేయకూడదు.

ఇక రోజూ వేసుకునే ఐరన్ మాత్ర. ప్రభుత్వ పథకంలో నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులకి ఇస్తారు. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఛే నంబర్ దగ్గర ఇరానీ చాయ్ వాసన వస్తే ఆగడం కష్టమే, నాకు తెలుసు. మాత్రకీ చాయ్‌కీ మధ్య కనీసం గంట గ్యాప్ ఇవ్వండి. కాల్షియం మాత్ర వేరే పూటకి పెట్టుకోండి. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది ఐరన్ వల్లే.

బిడ్డ కదలికలు మొదటి కాన్పువాళ్లకి ఎక్కువగా 18-20 వారాల దగ్గర తెలుస్తాయి. మొదట్లో గ్యాసేమో అనుకుంటాం. మాయ ముందువైపు ఉంటే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. చిగుళ్ల నుంచి కొంచెం రక్తం, ముక్కు దిబ్బడ, గుండెల్లో మంట, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం మామూలే. కానీ రక్తస్రావం, నీరు పోవడం, చూపు మసకబారే తలనొప్పి, ముఖం వాపు, జ్వరం, రోజూ తెలిసే కదలికలు తగ్గిపోవడం... వీటిలో ఏదొచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. బండి లేకపోతే 108 ఉంది.

మీ ఇంట్లోనో, మీ టీమ్‌లోనో ఎవరైనా కడుపుతో ఉంటే "ఎన్నో నెల?" అని ఎలాగూ అడుగుతారు. ఈసారి "ఎన్నో వారం?" అని కూడా అడగండి. 17 అని చెబితే, "టిఫాకి డేట్ తీసుకున్నావా?" అనండి.