హాసన్ మరణాలు, కోవిడ్ టీకా, మన బడి అనుమతి ఫారం



పోయిన వారం ఐదో తరగతి, పదో తరగతి పిల్లల చేతికి టీడీ టీకా అనుమతి ఫారాలు ఇచ్చి పంపాం. ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా పదేళ్ళకు ఒకటి, పదహారేళ్ళకు ఒకటి ప్రభుత్వం ఉచితంగా వేసే మామూలు సూది అది. చాలా ఫారాలు సంతకాలతో తిరిగొచ్చాయి. కొన్ని రాలేదు. ఒకటి మాత్రం సంతకం లేకుండా, వెనకవైపు రెండు వాక్యాలతో వచ్చింది: "కోవిడ్ సూదుల వల్లే ఈ గుండెపోట్లన్నీ అంటున్నారు. మా బాబుకి వద్దు."

ఆ తండ్రిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఆ మాట ఆయన ఇంట్లో కూర్చుని పుట్టించింది కాదు. 2025 జూలై 1న సాక్షాత్తు ముఖ్యమంత్రి హోదాలో సిద్ధరామయ్యగారే అలాంటి అనుమానాన్ని బయటపెట్టారు. హాసన్ జిల్లాలో దాదాపు నలభై రోజుల్లో ఇరవైమందికి పైగా గుండెపోటుతో పోయారని అప్పటికే వార్తలు వస్తున్నాయి, వాళ్ళలో చిన్న వయసువాళ్ళూ ఉన్నారు. కోవిడ్ టీకాలకు తొందరపడి అనుమతి ఇచ్చి జనానికి వేయడం కూడా ఒక కారణం అయ్యుండొచ్చు, కాదనలేం అన్నది ఆయన మాటల సారాంశం. మర్నాడే కేంద్ర ఆరోగ్యశాఖ ఐసీఎంఆర్, ఎయిమ్స్ పరిశోధనలు చూపించి, సంబంధం లేదని చెప్పింది. బయోకాన్ అధినేత్రి కిరణ్ మజుందార్ షా కూడా తొందరపాటు అనుమతి అన్న మాట తప్పని బహిరంగంగానే అన్నారు. ఇక టీవీల సంగతి మీరు చూశారు. జయదేవ ఆసుపత్రి ముందు తెల్లవారకముందే జనం బారులు తీరారు. హిందూపురం నుంచి, మదనపల్లి నుంచి మనవాళ్ళ ఫోన్లు: "మీ బెంగళూరులో ఏందంట, అందరికీ గుండెపోట్లంట?"

అసలు 2021 అక్టోబర్ 29న పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే పోయినప్పటినుంచీ ఈ ఊళ్ళో ఈ భయం ఉంది. హాసన్ దాన్ని మళ్ళీ రాజేసింది.

నాకు అనిపించేది ఒక్కటి. ఈ గొడవలో రెండు వేరువేరు మాటలు ఒకటిగా కలిసిపోయాయి. "తొందరపడి అనుమతి ఇచ్చారు" అన్నది ఒకటి. "ఆ టీకా మనుషుల్ని చంపుతోంది" అన్నది ఇంకొకటి. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజమైపోదు. రెండోది అబద్ధమైనంత మాత్రాన మొదటిది అడగకూడని ప్రశ్న కాదు.

మొదటిదాన్ని చూడండి. 2021 జనవరి 3న కోవిషీల్డ్‌తో పాటు హైదరాబాద్ భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్‌కూ అత్యవసర అనుమతి వచ్చింది. అప్పటికి కోవాగ్జిన్ మూడో దశ పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదు. అప్పట్లో చాలామంది శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. మన తెలుగు నేల మీద తయారైందని మనకెంత ముచ్చటగా ఉన్నా, ఆ అభ్యంతరం సబబే అంటాను నేను. ఫలితాలు ఆ ఏడాది నవంబర్‌లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి, 77.8 శాతం రక్షణ ఇచ్చిందని. మంచి ఫలితమే. కానీ ముందు సూది, తర్వాత ఫలితం అనేసరికి జనం మనసులో ముల్లు గుచ్చుకుంది. 2022 మే 2న సుప్రీంకోర్టు కూడా ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది, దుష్ప్రభావాల వివరాలు జనానికి అందుబాటులో పెట్టమంది. ప్రభుత్వ టీకా విధానాన్ని మాత్రం తప్పుపట్టలేదు. కాబట్టి ప్రశ్న అడిగేవాణ్ణి మూర్ఖుడంటే ఒప్పుకోను.

ఇక రెండోది. ఇక్కడ మాటలు చాలవు, లెక్క కావాలి. పిల్లలూ, ఈ భాగం మీకోసం.

అప్పటి జయదేవ డైరెక్టర్ డాక్టర్ కె.ఎస్. రవీంద్రనాథ్ నాయకత్వంలో రాష్ట్ర ప్రభుత్వం ఒక నిపుణుల కమిటీ వేసింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో గుండెజబ్బుతో జయదేవలో చేరిన 45 ఏళ్ళలోపు రోగులు 251 మందిని వాళ్ళు పరిశీలించారు. వాళ్ళలో 249 మంది కోవిడ్ టీకా వేసుకున్నవాళ్ళే. ఈ అంకె నేను ఎనిమిదో తరగతి బోర్డు మీద రాయగానే ఒక పిల్లవాడు లేచి, "ఐతే ఇంకేం సార్, టీకా వల్లే!" అన్నాడు. క్లాసులో సగం మంది అవునన్నట్టే ఉన్నారు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అంది: "సార్, మా వీధిలో కూడా అందరూ వేసుకున్నారు. వాళ్ళకేం కాలేదే?"

అంతే. అదే అసలు ప్రశ్న. క్లాసులో నలభైమందిలో ముప్ఫైతొమ్మిదిమంది పొద్దున ఇడ్లీ తిని వచ్చారనుకోండి. ఐదుగురికి జ్వరం వచ్చింది, ఐదుగురూ ఇడ్లీ తిన్నవాళ్ళే. జ్వరం ఇడ్లీ వల్ల వచ్చిందా? జ్వరం రాని ముప్ఫైనాలుగుమంది కూడా ఇడ్లీ తిన్నవాళ్ళే కదా. ఊరంతా టీకా వేసుకున్నాక, ఊళ్ళో ఏ జబ్బు వచ్చినవాణ్ణి అడిగినా వేసుకున్నాననే అంటాడు. కాలు విరిగినవాళ్ళను అడిగినా అంతే. రోగుల్ని మాత్రమే చూస్తే దోషం తేలదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను పక్కన నిలబెట్టి పోల్చాలి.

ఇదే కారణంతో జయదేవ లెక్క ఒక్కటే టీకాను నిర్దోషి అని కూడా తేల్చలేదు. పోల్చి చూసిన పని వేరే ఉంది. 2021 అక్టోబర్ నుంచి 2023 మార్చి వరకు, ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన 18 నుంచి 45 ఏళ్ళవాళ్ళ వివరాలను ఐసీఎంఆర్ పరిశోధకులు 47 ఆసుపత్రుల నుంచి సేకరించారు. అలాంటివాళ్ళు 729 మంది. ఒక్కొక్కరికి జోడీగా అదే వయసు, అదే ప్రాంతం, ఆడైతే ఆడ, మగైతే మగ, బతికున్న నలుగురిని తీసుకున్నారు. అంటే 2,916 మంది. పిల్లలూ, గుణించి చూసుకోండి. రెండు గుంపుల్నీ పోలిస్తే టీకా వేసుకున్నవాళ్ళకు ముప్పు పెరగలేదు. రెండు డోసులూ వేసుకున్నవాళ్ళకైతే తక్కువగా ఉంది. ముప్పు పెరిగింది ఎవరికంటే, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళకు, ఇంట్లో అంతకుముందు హఠాన్మరణం జరిగినవాళ్ళకు, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగినవాళ్ళకు, అలవాటుకు మించి ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళకు.

"ప్రభుత్వం తన పనిని తనే మెచ్చుకుంటే నమ్మాలా" అని మీలో కొందరు అనుకోవచ్చు. మంచి అనుమానమే. కానీ మన రాష్ట్ర కమిటీ వేసింది అనుమానం వెలిబుచ్చిన ముఖ్యమంత్రి ప్రభుత్వమే. అది కూడా కోవిడ్ టీకాకూ హఠాత్తు గుండెజబ్బులకూ సంబంధం కనిపించలేదనే రాసింది. హాసన్‌లో పరిశీలించిన 24 మరణాల్లో నాలుగు అసలు గుండెకు సంబంధించినవే కావు, కిడ్నీ జబ్బు లాంటి వేరే కారణాలవి. టీవీలో మాత్రం అన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి.

మనవాళ్ళ ఫోన్లలో తిరిగే ఇంకో సంగతి. డల్లాస్‌లోని బాబాయి, న్యూజెర్సీలోని వదిన పంపే వీడియోల్లో టీకా వల్ల గుండె కండరం వాపు వస్తుందని ఉంటుంది. అది పూర్తి అబద్ధం కాదు. ఫైజర్, మోడెర్నా టీకాల తర్వాత అరుదుగా, ముఖ్యంగా కుర్రాళ్ళలో అది కనిపించింది, అక్కడి ఆరోగ్యశాఖలే చెప్పాయి. కానీ ఆ రెండు టీకాలూ మన దేశపు కార్యక్రమంలో లేవు. మీరూ నేనూ వేసుకున్నవి దాదాపు అన్నీ కోవిషీల్డ్, కోవాగ్జిన్. అమెరికా వార్త అమెరికాకు నిజం. ఇక్కడికి ఫార్వర్డ్ అయ్యేటప్పటికి టీకా పేరు రాలిపోతుంది, భయం మిగులుతుంది.

కోవిషీల్డ్ మీద కూడా ఒక నిజమైన మచ్చ ఉంది, దాచకూడదు. ప్లేట్‌లెట్లు తగ్గి రక్తం గడ్డకట్టే ఒక సమస్య చాలా అరుదుగా రావచ్చని దాన్ని రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో ఒప్పుకుంది. 2024 ఏప్రిల్‌లో ఆ వార్త రాగానే ఇక్కడ గగ్గోలు. నిజానికి ఆ సమస్య 2021లోనే వైద్యులకు తెలుసు. అది వస్తే సూది వేసిన కొద్ది వారాల్లో వస్తుంది. నాలుగేళ్ళ తర్వాత పొలంలోనో ఆటోలోనో ఒకరు కుప్పకూలడానికి దాన్ని కారణంగా చెప్పడానికి ఆధారం లేదు. కానీ 2021లోనే, సూది వేసే చోటే, తెలుగులోనో కన్నడంలోనో "ఇలా జరగొచ్చు, ఈ లక్షణాలు కనిపిస్తే రండి" అని ఒక కాగితం మీద పెట్టి ఇచ్చుంటే, 2024లో అది గుట్టు రట్టయినట్టు ఉండేది కాదు. కోవిన్ సైట్‌లో మన భాషలు చేరిందే 2021 జూన్‌లో. అప్పటిదాకా ఎంతమంది మన పెద్దవాళ్ళు పక్కింటి కుర్రాణ్ణి బతిమాలుకుని స్లాటు బుక్ చేయించుకున్నారో మీకు తెలుసు.

సూదికి భయపడటం ఈ ఊరికి కొత్త కాదులెండి. 1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. ఆ తర్వాతే మల్లేశ్వరం, బసవనగుడి పేటలు పెరిగాయి. ప్లేగమ్మ గుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ప్లేగు టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ బొంబాయిలో 1897లో మొదటి సూది తనకే పొడుచుకున్నాడు. అయినా జనం భయపడ్డారు. ఆ భయానికి ఒక నిజమైన ఘటనా తోడైంది. 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ అనే ఊళ్ళో టీకా వేసుకున్న 107 మందిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నిజంగానే సూది వల్ల చనిపోయారు. నింద హాఫ్‌కిన్ మీద పడింది, ఉద్యోగం పోయింది. తేలిందేమిటంటే, ఆ 19 మందికీ మందు ఒకే సీసాలోంచి వచ్చింది. మిగిలిన సీసాలతో వేసుకున్నవాళ్ళకు ఏమీ కాలేదు. ఆ ఒక్క సీసాలోకి ధనుర్వాతం క్రిమి చేరింది. చూశారా, అక్కడ కూడా నిజం బయటికి తెచ్చింది పక్కన పెట్టి పోల్చడమే. హాఫ్‌కిన్ పేరు మీద మచ్చ పోవడానికి మాత్రం ఐదేళ్ళు పట్టింది.

ఇప్పుడు జయదేవ లెక్కలో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యని భాగం. ఆ 251 మందిలో 111 మంది పొగ తాగేవాళ్ళు. 102 మందికి బీపీ. 87 మందికి షుగరు. అందరూ 45 లోపువాళ్ళే అని మళ్ళీ గుర్తుచేస్తున్నాను. హాసన్‌లో చనిపోయినవాళ్ళలో ఆటో, క్యాబ్ డ్రైవర్లు గణనీయంగా ఉన్నారని కూడా కమిటీ చెప్పింది. పొద్దుననగా కూర్చుంటే రాత్రికి లేచేది, మధ్యలో టీ, సిగరెట్టు. మన బడి పిల్లల నాన్నల్లో ఆ పని చేసేవాళ్ళు తక్కువేం లేరు. అలాగని ఆ 251లో 77 మందికి ఈ కారణాలేవీ లేవు. వాళ్ళకెందుకు వచ్చిందన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న. దాన్ని "టీకా" అన్న ఒక్క మాటతో పూడ్చేస్తే ఇక ఎవరూ వెతకరు, అదే నా బాధ.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. 2021లో నాకు మొదటి డోసు వేసిన రాత్రి ఒళ్ళు కాలిపోయింది. మా ఆవిడ డోలో ఇచ్చి తడిగుడ్డ వేసింది, మర్నాటికి దిగింది. ఆ జ్వరం మా ఇంట్లో అందరికీ ఈనాటికీ గుర్తు. రెండేళ్ళ తర్వాత మా మామగారికి ఛాతీలో బరువుగా ఉందంటే, "రాత్రి తిన్న సంగటి అరగలేదు, గ్యాసే" అని గోలీ సోడా తాగించాం. సాయంత్రానికి ఎడమ చెయ్యి లాగుతుంటే అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాం. బతికారు, స్టెంటు వేశారు. ఈసీజీ తీయించడానికి పది నిమిషాలు కూడా పట్టదు, మేం ఎనిమిది గంటలు సోడాలతో గడిపాం. టీకా జ్వరం గురించి పదిసార్లు చెప్పుకున్న మేము, ఈ ఎనిమిది గంటల గురించి ఎవరికీ చెప్పుకోలేదు.

ఇక ఫారం సంగతి. టీడీ కోవిడ్ టీకా కాదు, కొత్తదీ కాదు. ఇంకో మాట, ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న పిల్లలెవరికీ కోవిడ్ టీకా వెయ్యనే లేదు. మన దేశంలో 12 ఏళ్ళలోపువాళ్ళకు ఆ కార్యక్రమమే పెట్టలేదు. అనుమానం ఉంటే సంతకం పెట్టకుండా బడికి రండి, టీకా వేయడానికి వచ్చే ఆరోగ్య కేంద్రం నర్సమ్మగారు శుక్రవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉంటారు. కన్నడం, తెలుగు రెండూ వచ్చు. అలర్జీలు, ఇంతకుముందు ఏ సూదికైనా ఇబ్బంది పడిన సంగతి ఉంటే ఫారం వెనక రాయండి. మీ బీపీ, షుగరు చూపించుకోవాలంటే దగ్గర్లోని నమ్మ క్లినిక్‌లో ఉచితంగా చూస్తారు.

ఫారం వెనక రెండు వాక్యాలు రాసిన తండ్రితో మాట్లాడాను. ఆయన ఆటో నడుపుతారు. చాలాసేపు విన్నారు, చివరికి "సూది సంగతి ఇంట్లో మాట్లాడి చెప్తా సార్" అన్నారు. బీపీ మాత్రం మర్నాడే చూపించుకున్నారట, ఎక్కువగా ఉందన్నారు, మాత్రలు మొదలుపెట్టారు. ఫారం ఇంకా నా బల్ల మీదికి రాలేదు. గడువు వచ్చే శనివారం వరకు ఉంది.