కాటా మీద హజ్ సంచి



గుంటూరు, ప్రకాశం జిల్లాల మనవారికి కాటా కొత్త కాదు. మిర్చి టిక్కీని చేత్తో లేపి బరువు చెప్పగల రైతులు మనలో ఉన్నారు. అటువంటివారు సైతం విమానాశ్రయపు కాటా ముందు తడబడతారు. యార్డులో తరుగు తీయవద్దని బతిమాలిన నోటితోనే ఇక్కడ కొంచెం తరుగు తీయమని బతిమాలవలసి వస్తుంది!

పూర్వం హాజీలు తిండిసామగ్రి కట్టుకుని బొంబాయిలో ఓడ ఎక్కేవారు. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి. 2023లో గన్నవరం నుంచే హజ్ విమానాలు బయలుదేరాయి. రోజుల ప్రయాణం గంటలకు తగ్గింది గాని, ఓర్పుకు పరీక్ష తగ్గలేదు.

చేతి సంచిలో ద్రవపదార్థం 100 మిల్లీలీటర్లకు మించరాదు. పచ్చడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. "ఇది ద్రవం కాదు బాబూ, కొరివికారం" అని పెద్దావిడ ఎంత మొత్తుకున్నా సీసా బయటనే ఉండిపోతుంది. ఇహ్రామ్ ధరించిన పెద్దాయనను నడుముకున్న బెల్టు తీసి ట్రేలో పెట్టమంటారు. బెల్టు అందించాలా, లుంగీని పట్టుకోవాలా అన్నది ఆయన సందిగ్ధం. ఇహ్రామ్ నియ్యత్ చేసుకున్నాక సిబ్బంది మర్యాదగా పరిమళపు తడి రుమాలు అందిస్తే, పరిమళం నిషిద్ధమని వారికి నచ్చజెప్పడం మరొక పని.

ప్రయాణం యాతనలో ఒక భాగమని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 197వ ఆయత్ హజ్‌లో తగవులాటను వారిస్తుంది. పాథేయం సమకూర్చుకోమని, దానిలో ఉత్తమమైనది తఖ్వా అని చెప్పేదీ ఆ ఆయతే. పచ్చడి సీసా కోసం గొంతు పెంచేముందు దానిని గుర్తు చేసుకోవాలి.

అయితే మమ్మల్ని కలవరపెడుతున్నది వేరొక బరువు. సంచిని ఇంట్లోనే రెండుసార్లు తూచుకుంటున్నాము. మిరప కోతలకు వచ్చిన ఆడకూలీల బకాయిని, చెల్లించని కౌలును, అక్కచెల్లెళ్లకు పంచని తండ్రి ఆస్తిని ఎందరం తూచుకుంటున్నాము? బయలుదేరేముందు బంధువుల ఇళ్లకు వెళ్లి "కహా సునా మాఫ్" అడుగుతాము. ఆ వరుసలో కూలి రావలసిన ఆమె గుడిసె ఉండదు. ఉన్నా, క్షమాపణ అడిగినంత మాత్రాన కూలి తీరిపోదు. అల్లాహ్ మార్గంలో అమరుడైన వానికి సైతం అప్పు మాత్రం క్షమించబడదని సహీహ్ ముస్లిం హదీసు.

కనుక హజ్‌కు పేరు రాయించుకున్న ప్రతి కుటుంబం ముందుగా ఒక కాగితం తీసుకుని, ఎవరికి ఎంత ఇవ్వాలో రాయాలి. సంచి సర్దకముందే ఆ లెక్క తీర్చాలి. తీర్చలేనిచోట ఇవ్వవలసిన వారి వద్దకు స్వయంగా వెళ్లి గడువు కోరాలి, ఇంటివారికి వసీయత్ రాసి ఇవ్వాలి. విమానాశ్రయంలో బరువు మించితే పక్కకు జరిగి సంచి విప్పి సర్దుకోవచ్చు, లేదా రుసుము కట్టవచ్చు. ప్రళయదినాన మీజాన్ ముందు ఆ రెండు అవకాశాలూ ఉండవు.

అల్లాహ్ మన యాత్రికుల హజ్‌ను స్వీకరించుగాక! ఆమీన్.